నాలుగడుగుల కారులో ఆరడుగుల మూడంగుళాలు

ఫిబ్రవరి 9, ఆదివారం

కారు ఇంటికొచ్చి మూడు వారాలైంది. 1972 ఎంజీబీ, పాత ఇంగ్లీషు స్పోర్ట్స్ కారు, రెండు సీట్ల ఓపెన్ టాప్. బెంగళూరులో ఒక పెద్దాయన షెడ్డులో పన్నెండేళ్లు గుడ్డ కప్పి ఉన్నదాన్ని కొన్నాను. బ్రేకుల గురించి, కార్బురేటర్ల గురించి వేరే నోటుబుక్కు నడుస్తోంది. ఈ నోటుబుక్కు ఒక్క డ్రైవర్ సీటు కోసం. ఎందుకంటే ఇంత డబ్బు పోసి కొన్న కారులో నేను పట్టడం లేదు.

నా ఎత్తు ఆరడుగుల మూడంగుళాలు, అంటే 190 సెంటీమీటర్లు. టాప్ వేసినప్పుడు కారు ఎత్తు 125. టాప్ వేస్తే నెత్తి గుడ్డను పైకి తోస్తుంది, బయటినుంచి చూసేవాళ్లకు గుడారం గుంజలా కనిపిస్తుందట. టాప్ తీస్తే నెత్తికి హాయే, కానీ ముందు అద్దం పై పట్టీ సరిగ్గా నా కళ్లకు అడ్డం. నిన్న కడప ఏడురోడ్ల కూడలి దగ్గర ట్రాఫిక్ కానిస్టేబుల్ చెయ్యెత్తాడు. ఆ చెయ్యి కనబడాలని నేను తల వంచాను. దండం పెట్టాననుకున్నాడేమో, ఆయన కూడా తలూపాడు.

కాళ్ల సంగతి ఇంకో కథ. స్టీరింగు చక్రం కింది అంచు తొడల మీద రాసుకుంటుంది. క్లచ్ మీదినుంచి కాలు ఎత్తినప్పుడల్లా ఎడమ మోకాలు చక్రానికి తగులుతుంది. సందుల్లో మలుపు తిప్పుతూ గేరు మార్చాల్సి వస్తే మోకాలు, చక్రం, చెయ్యి మూడూ ఒకే చోటికి వస్తాయి.

ఈ రోజు పని కొలవడం ఒక్కటే. షెడ్డులో కడప బండలు పరిచి ఉన్నాయి, మట్టం సరిగ్గా ఉంది కాబట్టి కొలతలకు అదే ఆధారం. మొదట నన్ను నేను కొలుచుకున్నాను. గోడకు ఆనించిన చెక్క పీట మీద నిటారుగా కూర్చుంటే పీట నుంచి నడినెత్తికి 99 సెంటీమీటర్లు. మా బావమరిది ఎత్తు కూడా దాదాపు నా అంతే, కానీ అదే పీట మీద అతనికి 94 వచ్చింది. అతనివి పొడుగు కాళ్లు, నాది పొడుగు నడుము. అతన్ని కారులో కూర్చోబెడితే నెత్తి తగల్లేదు గానీ మోకాళ్లు నాకంటే ఎక్కువ ఇరుక్కున్నాయి. కాబట్టి "పొడుగువాళ్లు ఈ కారులో పడతారా" అని ఎవరైనా అడిగితే, ముందు పీట మీద కూర్చోమని చెప్పాలి.

సీటు మీద కూర్చుని పది నిమిషాలు ఆగి కొలిచాను. ఫోమ్ మెల్లగా కుంగుతుంది, కూర్చున్న వెంటనే తీసుకున్న కొలత అబద్ధం. తుంటి దగ్గర నేల రేకు నుంచి 27 సెంటీమీటర్లు వచ్చింది. ఇందులో కనీసం ఐదు తగ్గాలి.

ఫిబ్రవరి 11

భాయ్ దగ్గరికి వెళ్లాను. నలభై ఏళ్లుగా అంబాసిడర్లు బాగుచేసిన చెయ్యి. ఇప్పుడు పని తక్కువ, షాపు మాత్రం మూయలేదు. బానెట్ ఎత్తి చూసి నవ్వాడు. "ఇది మన అంబాసిడర్‌కు అన్నే గదా సార్!" నిజమే. పాత పెట్రోల్ అంబాసిడర్‌లో ఉన్న 1489 సీసీ ఇంజను, ఈ కారులోని 1798 సీసీ ఇంజను ఒకే కుటుంబానివి, రెండూ బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ వాళ్ల బీ సిరీస్. కడపలో ఈ కారును చూసి భయపడని మనిషి దొరకడం నాకు సగం బలం.

సీటు గురించి చెబితే ఆయన మొదట అడిగింది పానాల గురించి. నా పెట్టెలోవన్నీ మిల్లీమీటర్ పానాలే. సీటు జారే ఇనుప పట్టాల బోల్టులు అంగుళాల లెక్క, 5/16 యూఎన్ఎఫ్, అంటే అంగుళాల కొలతలో సన్న మర రకం. తలకు అర అంగుళం పానా కావాలి, అంటే 12.7 మిల్లీమీటర్లు. 13 పానా పెడితే పట్టినట్టే ఉంటుంది, గట్టిగా ఒత్తితే మూలలు అరిగి తల గుండ్రంగా అయిపోతుంది.

కొత్త బోల్టుల విషయంలో ఇంకా పెద్ద మోసం ఉంది. 5/16 అంటే 7.94 మిల్లీమీటర్లు. హార్డ్‌వేర్ షాపులో ఎనిమిది ఎంఎం బోల్టు చేతిలో పెడితే కంటికి తేడా తెలీదు. మర వేరు. దీనికి అంగుళానికి 24 చుట్లు, ఎనిమిది ఎంఎంకు అంగుళానికి ఇరవై చిల్లర. భాయ్ ఒక పాత నట్టులో ఎనిమిది ఎంఎం బోల్టు పెట్టి చూపించాడు. రెండు చుట్లు వేలితోనే ఎక్కింది, మూడో చుట్టుకు బిగుసుకుంది. "ఈడికి ఆపేయాల సార్. బిగుసుకుంది గదా అని పానా ఏస్తే బోల్టూ పాయ, నట్టూ పాయ." షాపు మూలనుంచి పాత బిస్కెట్ల డబ్బా తీశాడు. అంబాసిడర్లనుంచి విప్పిన బోల్టులు, నట్లు, వాషర్లు, కిలోల లెక్కన. వెతికి వెతికి సరైనవి పది తీసిచ్చాడు. 150 ఇస్తే వంద తీసుకుని యాభై వెనక్కిచ్చాడు.

ఫిబ్రవరి 16, ఆదివారం

సీటు విప్పాను. సీటును వెనక్కి తోస్తేనే ముందు బోల్టులు కనిపిస్తాయి, ముందుకు తోస్తేనే వెనకవి. పట్టాలు తుప్పుతో బిగుసుకుంటే ఇక్కడే పని ఆగిపోతుంది. రెండు రోజుల ముందే డీజిల్ పోసి నానబెట్టాను కాబట్టి కదిలాయి.

మూడు బోల్టులు మర్యాదగా వచ్చాయి. నాలుగోది, గేరు సొరంగం (రెండు సీట్ల మధ్య గేరుబాక్సును కప్పే రేకు దిమ్మె) పక్కన ముందున్నది, తిరుగుతూనే ఉంది, పైకి రావడం లేదు. ఈ బోల్టులన్నీ నేల రేకు కింద అతికించిన నట్లలోకి దిగుతాయి. ఆ అతుకు తెగితే బోల్టుతోపాటు నట్టూ తిరుగుతుంది. కిందినుంచి పట్టుకుందామంటే అక్కడికి చెయ్యి పోదు. గంటసేపు తిట్టుకుంటూ కూర్చున్నాను. చివరికి భాయ్ ఫోన్‌లో చెప్పిన చిట్కా పనిచేసింది: బోల్టు తల కింద పెద్ద స్క్రూడ్రైవర్ దూర్చి పైకి ఎత్తిపడుతూ తిప్పాలి. అలా ఎత్తితే నట్టు రేకుకు కరుచుకుని నిలబడుతుంది. నేను ఎత్తిపట్టాను, మా బావమరిది తిప్పాడు. పావుచుట్టు, పావుచుట్టు చొప్పున ఇరవై నిమిషాలు.

సీటు బయటికొచ్చాక అసలు దృశ్యం. పట్టాలకూ నేలకూ మధ్య చెక్క పట్టీలున్నాయి, ఒక్కో పట్టా కింద ఒకటి. కారు తయారైన అబింగ్డన్ ఫ్యాక్టరీలోనే సీటు ఎత్తు కోసం పెట్టినవి. బోల్టు రంధ్రాల్లో చిన్న ఇనుప గొట్టాలున్నాయి. బోల్టు బిగించినప్పుడు ఒత్తిడి చెక్క మీద పడకుండా ఆ గొట్టం మోస్తుంది. అవి లేకపోతే చెక్క నలిగేకొద్దీ బోల్టు వదులవుతుంది. మంచి ఆలోచన. నా చెక్కల మందం 20 మిల్లీమీటర్లు. ఒకటి నూనె తాగి నల్లగా ఉంది, ఇంకోదాన్ని ఒక చివర చెద తినేసింది.

ఫిబ్రవరి 22, శనివారం

ఊడిన నట్టుకు వెల్డింగ్. రాయాల్సింది ఒక్కటే. ఈ కారుకు లారీలా విడిగా చాసిస్ లేదు, రేకు శరీరమే దాని ఎముక. సీటును మోసేదీ, గుద్దుకుంటే మనిషిని ఆపేదీ ఆ నేలే. కాబట్టి నట్టు పోయిందని రేకుకు ఒక వాషర్ వేసి బిగించేస్తే చాలదు. నట్టు రంధ్రం పక్కన రేకులో రెండు చిన్న బెజ్జాలు వేసి, వాటిలోంచి నట్టును అతికించాం. దానికి ముందు బ్యాటరీ వైర్లు విప్పి, కార్పెట్ అంతా తీసి, కింద పెట్రోలు గొట్టం ఎక్కడ పోతోందో పడుకుని చూశాం. ఇసుక బకెట్ పక్కన పెట్టుకున్నాం. వెల్డింగ్ షాపు కుర్రాడికి ఇదంతా చాదస్తంగా కనిపించింది. కనిపించనీ.

ఫిబ్రవరి 23, ఆదివారం

మొదటి ప్రయోగం, మొదటి తప్పు.

చెక్కలు మొత్తం తీసేసి పట్టాలను నేరుగా నేల మీద బిగించాను. బోల్టులు ఇప్పుడు 20 మిల్లీమీటర్లు ఎక్కువ పొడుగు, అంత కోశాను. నట్టులో కనీసం బోల్టు లావంత మర, ఎనిమిది మిల్లీమీటర్లు, పట్టాలని లెక్క. కోసిన చివర ఆకురాయితో నునుపు చేయకపోతే మొదటి చుట్టుకే నట్టు మర చెడుతుంది.

కూర్చుంటే కళ్లు పట్టీ కిందికి దిగాయి. సంబరపడ్డాను. పది నిమిషాలు నడిపాక సంబరం దిగిపోయింది. నడుము దిగింది కానీ పాదాలు ఉన్నచోటే ఉన్నాయి కదా, మోకాళ్లు పైకి లేచాయి. తొడల కింద ఖాళీ, బరువంతా తుంటి మీదే. చక్రం ముందుకంటే ఎక్కువ రాసుకుంటోంది. దానికి తోడు సీటు జరిపే కడ్డీ కార్పెట్‌లో కూరుకుపోయి కదలడం లేదు.

ఇంకొంచెం వెనక్కి జరుపుదామంటే వెనక గోడ. సీట్ల వెనక అర కింద రెండు ఆరు వోల్టుల బ్యాటరీల గుంతలున్నాయి, 1974 దాకా ఈ కారుకు అలాగే ఇచ్చేవాళ్లు. నా దాంట్లో ఎవరో ఎప్పుడో ఒకే పన్నెండు వోల్టుల బ్యాటరీ పెట్టారు. ఎలాగైనా ఆ గోడ జరగదు.

సాయంత్రం అమ్మను కూర్చోబెట్టి వీధి చివరిదాకా తిప్పాను. పక్క సీటులో ఆమె ఐదడుగుల లోపు మనిషి. "ఇదేందిరా, బాయిలో కూర్చోబెట్టినావు. రోడ్డే కనపడ్లే." అది నేను ముట్టుకోని సీటు.

మార్చి 2, ఆదివారం

వారమంతా ఆలోచించాను. చెక్కలు తీస్తే దక్కింది రెండు సెంటీమీటర్లు, నాకు కావాల్సింది ఐదు. మిగతా మూడు ఎక్కడినుంచి? చివరికి మెత్త విప్పాను. ఇదేదో మొదటి రోజే చేసి ఉండాల్సింది.

రెక్సిన్ కింద ఫోమ్ ఒక పొర. దాని కింద కొబ్బరి పీచు దిండు. దాని కింద, నమ్మండి, అర అంగుళం ప్లైవుడ్ చెక్క. నిజానికి అక్కడ ఉండాల్సింది రబ్బరు షీటు, అంచుల పొడవునా కొక్కేలతో సీటు చట్రానికి తగిలించి ఉంటుంది. మనిషి కూర్చుంటే అది కుంగి, ఊయలలా పట్టుకుంటుంది. చట్రానికి మూడు కొక్కేలు మాత్రం వేలాడుతున్నాయి, రబ్బరు ఎప్పుడో చిరిగిపోయింది. ఎవరో మిస్త్రీ ప్లైవుడ్ పరిచి, గట్టిగా తగులుతోందని పీచు వేసి, అదీ చాలక ఫోమ్ వేశాడు. మామూలు ఎత్తు మనిషికి సింహాసనం. కారు చేసినవాళ్లు పొడుగువాళ్లను మరిచిపోయారని మూడు వారాలు తిట్టుకున్నాను, వాళ్ల తప్పేమీ లేదు.

కొత్త రబ్బరు షీటు ఇంగ్లండ్ నుంచి తెప్పించవచ్చు, ఈ కారుకు విడిభాగాలు ఇప్పటికీ దొరుకుతాయి. కానీ నెల పడుతుంది, కస్టమ్స్ టెన్షన్ వేరే. మైదుకూరు రోడ్డులో ట్రాక్టర్ సీట్లు, లారీ సీట్లు కుట్టే కుషన్ షాపు ఉంది, అక్కడికి తీసుకెళ్లాను. మిస్త్రీ చట్రాన్ని తిప్పి తిప్పి చూసి, "నవారు మంచం అల్లినట్టు అల్లేద్దాం సార్" అన్నాడు. నవారు సాగదు, రబ్బరు కావాలన్నాను. ఆయన లేచి లోపలినుంచి లారీ టైరు ట్యూబు తెచ్చాడు.

మార్చి 9, ఆదివారం

పూటంతా షాపులోనే కూర్చున్నాను. ట్యూబును రెండంగుళాల పట్టీలుగా కోశాడు. అడ్డంగా ఐదు, నిలువుగా నాలుగు, ఒకటి పైనుంచి ఒకటి కిందినుంచి అల్లాడు. ప్రతి పట్టీనీ లాగి, బొటనవేలితో మీటి వింటాడు. మోత సరిగ్గా లేకపోతే విప్పి మళ్లీ లాగుతాడు. కొలత లేదు, గేజీ లేదు. వెనకవైపు పట్టీలు కాస్త వదులుగా, ముందువైపు బిగువుగా ఉండాలన్నాను. ఎందుకని అడగలేదు, "లారీ డ్రైవర్లూ ఇట్లే అడుగుతారు సార్, లేకుంటే తొడలు తిమ్మిరెక్కుతాయి" అన్నాడు. నాకు రెండు వారాలు పట్టిన పాఠం ఆయనకు ముందే తెలుసు.

పైన 40 డెన్సిటీ ఫోమ్, ముందు రెండంగుళాలు, వెనక ఒకటిన్నర. హాక్సా బ్లేడుతో కోశాం. మెత్తటి ఫోమ్ వేస్తే మొదటి రోజు బాగుంటుంది, నెలకే అప్పడమవుతుంది. ఫోమ్, ట్యూబు, కూలీ కలిపి 1,400.

ఇంటికొచ్చి బిగించి, కూర్చుని, పది నిమిషాలు ఆగి కొలిచాను. మెత్త వల్ల ఇంకో మూడున్నర దిగింది. మొత్తం ఐదున్నర. కళ్లు పట్టీకి ఐదు సెంటీమీటర్ల కింద. టాప్ వేస్తే నెత్తికీ గుడ్డకూ మధ్య నాలుగు వేళ్లు పడుతున్నాయి.

మోకాళ్లు మాత్రం ఇంకా పైకే ఉన్నాయి.

మార్చి 16, ఆదివారం

దించాల్సింది వెనకభాగం, ముందుది కాదు. ముందు కాస్త లేస్తే తొడలు సీటు మీద ఆనుతాయి, మనిషి వెనక్కి వాలతాడు, చేతులు సాగి చక్రం దూరమవుతుంది. అంతే సంగతి. నేను మొదటినుంచీ ఎత్తు ఎత్తు అని కలవరిస్తున్నాను, నాకు కావాల్సింది వాలు.

వడ్రంగి దగ్గర టేకు పట్టీలు రెండు చేయించాను. ముందు బోల్టు దగ్గర 15 మిల్లీమీటర్లు, వెనక బోల్టు దగ్గర 3, మధ్యలో ఏకధాటిగా వాలు. బోల్టుకూ బోల్టుకూ మధ్య 36 సెంటీమీటర్లు. లెక్కేస్తే రెండు డిగ్రీలకు లోపే. అంత కొంచెంతో ఏమవుతుందని నాకూ అనుమానమే. ముందు బోల్టు కింద మాత్రమే వాషర్లు పేర్చితే సరిపోదా అని అడగొచ్చు. అప్పుడు పట్టా మధ్యలో గాలిలో వేలాడుతుంది, బరువుకు వంగుతుంది, సీటు జారదు. పట్టా పొడవునా కింద చెక్క ఆనాలి.

"ఎర్రచందనంతో చేయమంటావా అన్నా?" అన్నాడు వడ్రంగి. కడపలో ఈ జోకు వేయని వడ్రంగి లేడు. జైలుకు పోయేంత గొప్ప సీటు కాదులే అన్నాను.

రెండు పట్టీలూ అచ్చం ఒకేలా ఉండాలి. అర మిల్లీమీటరు తేడా ఉన్నా రెండు పట్టాలూ మెలికపడి సీటు జరిపితే కరుచుకుంటుంది. షెడ్డులోని కడప బండ మీద గరుకు కాగితం పరిచి, రెండిటినీ పక్కపక్కన పెట్టి రుద్దాను. పైన స్కేలు పెట్టి టార్చి వేస్తే ఎక్కడ వెలుతురు దూరుతోందో కనిపిస్తుంది. వెలుతురు పోయేదాకా రుద్దడమే. పాత ఇనుప గొట్టాలను లేత్‌లో కొత్త మందానికి, అదే వాలుకు కోయించాను, 200. చెద పట్టకుండా చెక్కకు రెండు పూతలు వార్నిష్.

కార్పెట్‌ను పట్టాల కింద, కడ్డీ తిరిగేచోట కోసేశాను. పట్టా కింద కార్పెట్ ఉంటే అది నలిగేకొద్దీ బోల్టు వదులవుతుంది. కోసిన అంచు బయటికి కనిపించదు.

బిగించాక బెల్టు చూశాను. సీటు దిగితే బెల్టు కూడా జాగా మారుతుంది, ఇది చాలామంది చూడరు. సొరంగం పక్కనున్న బకిల్ ఇప్పుడు నడుముకు కాస్త పైన పడుతోంది. నడుం పట్టీ తుంటి ఎముకల మీద ఉండాలి, పొట్ట మీదికి ఎక్కకూడదు. లాగి బిగించి చూస్తే ఎముక మీదే నిలిచింది. వెనక చూసే అద్దాన్ని కూడా దించాలి, అది ముందు అద్దం మధ్యలోని సన్నటి కడ్డీ మీద పైకీ కిందికీ జరుగుతుంది. ఒక్క స్క్రూ పని.

ఏప్రిల్ 6, ఆదివారం

మధ్యలో రెండు వారాలు ఆఫీసు పని తినేసింది. ఈ రోజు శ్రీరామనవమి. ఒంటిమిట్ట రోడ్డు జనంతో నిండి ఉంటుందని రాయచోటి రోడ్డు పట్టాను, గువ్వలచెరువు ఘాట్ దాకా. సీటుకు అంతకంటే మంచి పరీక్ష లేదు. మలుపు మలుపుకూ రెండో గేరు, మూడో గేరు, క్లచ్ మీద ఎడమకాలు ఆడుతూనే ఉంటుంది.

మోకాలు చక్రానికి తగల్లేదు. ఒక్కసారి కూడా అని రాయాలనుంది గానీ, మూడోదో నాలుగోదో హెయిర్‌పిన్ మలుపులో లారీ ఎదురొస్తే చక్రం పూర్తిగా తిప్పాల్సి వచ్చింది, అప్పుడు నా మోచెయ్యి తొడకు తగిలింది. చిన్న చక్రం, 14 అంగుళాలది, వేస్తే అదీ పోతుంది. పవర్ స్టీరింగు లేని కారు, చక్రం చిన్నదైతే పార్కింగులో భుజాలు నొప్పిపడతాయి. ప్రస్తుతానికి వద్దు.

లోయవైపు మలుపుల్లో రోడ్డు మొత్తం కనిపించింది, పట్టీ కిందినుంచి, వంగకుండా. నెల క్రితం ఇదే రోడ్డులో వంగి వంగి మెడ పట్టేసింది.

పైన పాలకోవా కొట్ల దగ్గర ఆపాను. దిగేటప్పుడు తెలిసింది, సీటు దిగితే కారులోంచి లేవడం కష్టమైంది. తలుపు అంచు మీద చెయ్యి పెట్టి, ఒక కాలు బయటపెట్టి, మూలుగుతూ లేవాలి. కోవా కట్టే అబ్బాయి చూసి, "నీళ్లు కావాలా సార్?" అని అడిగాడు. అరగంట ఎండలో నిలబెట్టి వచ్చేసరికి నల్ల రెక్సిన్ పెనంలా కాలింది. తువ్వాలు పరుచుకుని కూర్చున్నాను. కోవా రెండు కేజీలు.

ఇంటికొచ్చాక నాలుగు బోల్టులకూ పానా పెట్టి చూశాను. వెనకవి రెండూ పావుచుట్టు తిరిగాయి, ముందువి కదల్లేదు. కొత్త చెక్క కుదురుకుంటోంది. ఇంకో రెండొందల కిలోమీటర్ల తర్వాత మళ్లీ చూడాలి.

అమ్మ కోవా తింటూ, "నీది బాగైందిలే, నా బాయి సంగతేంది?" అంది. నా సీటు కింద తీసిన పాత చెక్కల్లో చెద పట్టనిది ఒకటి మిగిలింది. దాని మందానికే ఇంకో జత చేయించి, ఆమె సీటు కింద ఉన్న చెక్కల మీద పేరిస్తే రెండు సెంటీమీటర్లు లేస్తుంది, ఆ మెత్తలో ప్లైవుడ్ ఉందో లేదో చూసి అవసరమైతే నేనే ఒకటి వేయాలి. బోల్టులు ఈసారి పొడుగువి కావాలి. రేపు భాయ్ బిస్కెట్ల డబ్బా మళ్లీ కుమ్మరించాలి.